మ్యూజియం కంటే ముందు మురుగునీటి పైపులు: బిల్బావో మారిన తీరు

బిల్బావో అనగానే చాలామందికి గుర్తొచ్చేది నది ఒడ్డున టైటానియం రేకులతో మెరిసే గుగ్గెన్‌హైమ్ మ్యూజియమే. స్పెయిన్ ఉత్తర తీరంలో, బాస్క్ ప్రాంతంలో ఉన్న ఈ రేవు నగరం ఉక్కు కర్మాగారాలు మూతబడి కుదేలైందనీ, 1997లో వాస్తుశిల్పి ఫ్రాంక్ గేరీ రూపొందించిన ఒక్క భవనంతో దాని దశ తిరిగిందనీ పాతికేళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. 'బిల్బావో ప్రభావం' అన్న మాట పుట్టింది అందుకే. ఈ కథలో అబద్ధమేమీ లేదు గానీ వరస తప్పింది. మ్యూజియం తలుపులు తెరిచేనాటికే నగరంలో అసలు పనులు చాలావరకు మొదలైపోయాయి. అవి జరగకపోయి ఉంటే ఎంత గొప్ప భవనమైనా కంపు కొట్టే నది పక్కన ఒక వింత కట్టడంగా మిగిలిపోయేది.

సముద్రానికి దాదాపు 15 కిలోమీటర్ల లోపల, నెర్వియోన్ నది పోటుపాట్లు సాగే పాయ వెంట పెరిగిన ఊరిది. 19వ శతాబ్దం రెండో సగంలో దాని అదృష్టం చుట్టుపక్కల కొండల్లోని ఇనుప ఖనిజంలో బయటపడింది. ఆ ఖనిజంలో భాస్వరం తక్కువ కావడంతో, అప్పుడే వ్యాప్తిలోకి వచ్చిన బెస్సెమర్ ఉక్కు తయారీ పద్ధతికి అది సరిగ్గా సరిపోయింది. ఓడలు ఖనిజాన్ని బ్రిటన్‌కు మోసుకెళ్లి తిరుగు ప్రయాణంలో బొగ్గు తెచ్చేవి. ఆ రాబడితో బ్యాంకులు, ఓడల కంపెనీలు, ఉక్కు కొలుములు లేచాయి. 1902లో మూడు సంస్థలు కలిసి ఆల్తోస్ ఓర్నోస్ దె విస్కాయా అనే భారీ ఉక్కు సంస్థగా ఏర్పడ్డాయి. సెస్తావో, బరకాల్దో వంటి ఎడమ ఒడ్డు ఊళ్లలో కార్మికులు, కుడి ఒడ్డున యజమానుల భవంతులు అన్న విభజన అప్పటిదే. రెండు ఒడ్డులనూ కలపడానికి 1893లో కట్టిన విస్కాయా వంతెన ఇప్పటికీ పని చేస్తోంది. ఓడల రాకపోకలకు అడ్డు రాకుండా ఎత్తైన ఇనుప దూలాన్ని కట్టి, దాని నుంచి తీగలతో వేలాడదీసిన ఒక పెద్ద పెట్టెలో మనుషులనూ వాహనాలనూ అటూ ఇటూ దాటిస్తారు. 2006లో యునెస్కో దాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది.

పతనం ఒక్కసారిగా రాలేదు, దెబ్బ మీద దెబ్బగా వచ్చింది. 1970ల చమురు సంక్షోభం తర్వాత ఉక్కు, ఓడల నిర్మాణం రెండూ దెబ్బతిన్నాయి. 1983 ఆగస్టు వరదలు పాత పట్టణాన్ని ముంచెత్తాయి. స్పెయిన్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడానికి సిద్ధమవుతూ 'పారిశ్రామిక పునర్వ్యవస్థీకరణ' పేరిట నష్టాల కర్మాగారాలను కుదించడం మొదలుపెట్టింది. 1984లో ఎయుస్కల్దూనా ఓడల కర్మాగారాన్ని కాపాడుకోవడానికి కార్మికులు పోలీసులతో వీధుల్లో నెలల తరబడి తలపడ్డారు. అయినా 1988లో అది మూతబడింది. 1980ల మధ్య నాటికి పనిచేయగల నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. ఉక్కు సంస్థ చివరి కొలిమి 1996లో ఆరింది, అంటే మ్యూజియం ప్రారంభానికి సరిగ్గా ఏడాది ముందు. ఈ రెండు తేదీలు పక్కపక్కన ఉండటం వల్లే ఒకటి పోయి దాని స్థానంలో ఇంకొకటి వచ్చిందన్న భ్రమ కలుగుతుంది.

నిజానికి మొదటి పెద్ద ఖర్చు భూమి కింద జరిగింది. కర్మాగారాల వ్యర్థాలు, లక్షల ఇళ్ల మురుగు శుద్ధి లేకుండా నేరుగా కలవడంతో నదిలో కొన్నిచోట్ల కరిగిన ఆక్సిజన్ దాదాపు సున్నాకు పడిపోయింది. 1979లో ప్రాంతీయ నీటి సంస్థ తయారుచేసిన ప్రణాళిక ప్రకారం ఒడ్డుల వెంట మురుగును పట్టుకునే పైపులు వేసి, సెస్తావో దగ్గర గలిందో శుద్ధి కేంద్రాన్ని కట్టారు. అది 1990లో పని మొదలుపెట్టింది. దశాబ్దాలు సాగిన ఈ పనికి అయిన ఖర్చు మ్యూజియం కట్టడానికి అయినదానికి ఎన్నో రెట్లు. పైపుల ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగరు కాబట్టి ఆ ఖర్చు కథలోకి ఎక్కలేదు. కానీ నేడు పర్యాటకులు నడిచే నదీతీరం ఆ పైపుల పుణ్యమే.

రెండోది రేవు. బిల్బావో రేవు చనిపోలేదు. నగరం నడిబొడ్డు నుంచి నది ముఖద్వారం దగ్గరి సాంతుర్చి, జియెర్బెనా వైపు జరిగింది. ఇప్పటికీ అది ఏటా దాదాపు 3 కోట్ల టన్నుల సరుకు దించే, ఎక్కించే రేవు. కాబట్టి 'ఒకప్పటి పారిశ్రామిక రేవు నగరం' అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. రేవు జరగడం వల్ల ఊరి మధ్యలో వరస గోదాములు, రైలు పట్టాలు, ఓడల కర్మాగారపు స్థలం ఖాళీ అయ్యాయి.

ఆ ఖాళీ స్థలం ఎవరిది? నా దృష్టిలో బిల్బావో కథకు తాళంచెవి ఈ ప్రశ్నలోనే ఉంది. స్థలంలో ఎక్కువ భాగం రేవు సంస్థ, రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థల చేతిలో ఉండేది. వాళ్లు విడివిడిగా అమ్ముకుని ఉంటే నదీతీరం ముక్కలు ముక్కలైపోయేది. అలా జరగకుండా 1992లో 'బిల్బావో రీయా 2000' అనే సంస్థను ఏర్పాటు చేశారు. అందులో సగం వాటా మాడ్రిడ్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థలది. మిగతా సగం బాస్క్ ప్రభుత్వం, బిల్బావో ఉన్న విస్కాయా జిల్లా మండలి, బిల్బావో, బరకాల్దో పురపాలక సంఘాలది. రాజకీయంగా పొసగని పక్షాలు సగం సగంగా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాల్సిన ఏర్పాటు అది. పని తీరు సూటిగా ఉండేది. భాగస్వాములు స్థలాలు అప్పగిస్తారు, పురపాలక సంఘం వాటి వినియోగాన్ని మారుస్తుంది, విలువ పెరిగిన భాగాలను ఇళ్లకూ కార్యాలయాలకూ అమ్ముతారు, వచ్చిన సొమ్ముతో రైలు పట్టాలను భూగర్భంలోకి దించి, పార్కులు వేసి, ఎడమ ఒడ్డు ఊళ్లలోనూ పనులు చేస్తారు. గుగ్గెన్‌హైమ్ ఉన్న అబందోయిబర్రా, దాదాపు 35 హెక్టార్ల ప్రాంతం, ఇలా రూపుదిద్దుకున్నదే. ఈ పద్ధతిలోని లోపం కూడా అక్కడే ఉంది: స్థలాల ధర పెరుగుతున్నంత కాలమే అది నడుస్తుంది. 2008 తర్వాత స్పెయిన్‌లో గృహనిర్మాణం కుప్పకూలినప్పుడు ఆ సంస్థ కూడా చతికిలబడింది.

ఇక డబ్బు. బాస్క్ జిల్లాలు తమ పన్నులను తామే వసూలు చేసుకుని, అందులో నిర్ణీత వాటాను మాడ్రిడ్‌కు కడతాయి. 1981లో తిరిగి కుదిరిన ఈ ఒప్పందం వల్లే, ఉద్యోగాలు పోతున్న రోజుల్లో అమెరికాకు చెందిన గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్ పేరిట మ్యూజియం కోసం భారీగా ఖర్చు పెట్టే సాహసం అక్కడి నాయకులు చేయగలిగారు. 1991లో కుదిరిన లెక్క ప్రకారం కట్టడం ఖర్చు, కళాఖండాల కొనుగోలు నిధి, గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్‌కు 2 కోట్ల డాలర్ల రుసుము, అన్నీ బాస్క్ ఖజానావే. ఫౌండేషన్ తన పేరు, సేకరణ, నిర్వహణ అనుభవం ఇచ్చింది. శిల్పి హోర్హే ఓతేయ్‌సా వంటి స్థానిక కళాకారులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. బయటి బ్రాండు కోసం ఊరి కళకు దక్కాల్సిన డబ్బు పోతోందన్న వాళ్ల వాదనలో పస ఉంది. ప్రారంభానికి కొద్ది రోజుల ముందు, బాస్క్ స్వాతంత్ర్యం కోసం ఆయుధాలు పట్టిన ఈటీఏ సంస్థ సభ్యులు తోటమాలుల వేషంలో పూలకుండీల్లో పేలుడు పదార్థాలు తెచ్చి, అడ్డుకున్న పోలీసును కాల్చి చంపారు. అలాంటి ఊరికి ప్రపంచం నుంచి ఏటా 10 లక్షల మంది వస్తారని నమ్మడానికి ఆనాడు గుండె ధైర్యం కావాలి. వాళ్లు వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు. మ్యూజియం ఊరికి తెచ్చిన ఈ పేరును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

లోపలికి వెళితే అన్నిటికంటే పెద్ద హాల్లో రిచర్డ్ సెర్రా చేసిన తుప్పు రంగు ఉక్కు శిల్పాలు ఉంటాయి. గోడల్లా వంగి, మెలితిరిగి ఉన్న వాటి మధ్య సందర్శకులు నడుస్తారు. ఆ పలకలకు వంపు తెచ్చింది జర్మనీలో. ఒకప్పుడు ఐరోపాకు ఇనుము ఎగుమతి చేసిన ఊరు, తన ఉక్కు జ్ఞాపకాన్ని దిగుమతి చేసుకుంది. ఇదే భవనంలో నేలలు తుడిచే కార్మికులు, అందులో ఎక్కువమంది స్త్రీలు, 2021 జూన్‌లో సమ్మె మొదలుపెట్టి తొమ్మిది నెలల తర్వాత గానీ జీతం పెంపు సాధించుకోలేకపోయారు. ఎయుస్కల్దూనాలో ఓడ కట్టిన వెల్డర్ ఉద్యోగమూ, కాంట్రాక్టు సంస్థ కింద మ్యూజియం తుడిచే ఉద్యోగమూ ఒకే తూకంలో తూగేవి కావు. సంస్కృతి ఎన్ని ఉద్యోగాలు ఇచ్చిందన్న లెక్కతో పాటు ఎలాంటివి ఇచ్చిందన్న లెక్క కూడా చూడాలి.

పేరున్న వాస్తుశిల్పులను పిలిచిన ప్రతిసారీ ఊరికి మేలే జరిగిందనుకుంటే పొరపాటు. నార్మన్ ఫోస్టర్ రూపొందించిన మెట్రో 1995 నుంచి జనం రోజూ వాడుకుంటున్నది కాబట్టి ఎవరూ వంక పెట్టరు. సాంతియాగో కలత్రావా కట్టిన జుబిజురి వంతెనకు మాత్రం గాజు పలకల నడకదారి వేశారు. ఏడాదంతా చినుకులు పడే ఊళ్లో గాజు మీద జనం జారిపడటంతో చివరికి పురపాలక సంఘం దానిపై పట్టు ఉండే తివాచీ పరచాల్సి వచ్చింది. పైగా వంతెనకు కొత్త నడకదారి కలిపినందుకు ఆ వాస్తుశిల్పి నగరం మీద దావా వేసి 30,000 యూరోల పరిహారం పొందాడు.

అనుకరించిన వాళ్ల సంగతి ఇంకా ఇబ్బందికరం. స్పెయిన్‌లోనే మరో ఉక్కు పట్టణం అవిలేస్ 2011లో ఆస్కార్ నీమెయర్ రూపొందించిన సాంస్కృతిక కేంద్రాన్ని తెరిచి, రాజకీయ తగాదాలతో కొద్ది నెలలకే మూసుకుంది; తర్వాత మళ్లీ తెరిచారు. అదే దేశంలోని గలీసియాలో తలపెట్టిన సంస్కృతి నగరం నిర్మాణాన్ని ఖర్చు తడిసి మోపెడై మధ్యలోనే ఆపేశారు. హెల్సింకీ నగర మండలి 2016లో గుగ్గెన్‌హైమ్ ప్రతిపాదననే తిరస్కరించింది. బిల్బావో నుంచి భవనాన్ని ఎత్తుకెళ్లడం తేలిక. సొంత పన్నులు, ఒకే చేతికి చేరిన స్థలాలు, పదేళ్ల ముందే వేసిన పైపులు ఎత్తుకెళ్లడం కుదరదు.

బిల్బావో కూడా తన పాఠాన్ని పూర్తిగా గుర్తుంచుకుందని చెప్పలేం. యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతమైన ఉర్దైబాయ్‌లో రెండో గుగ్గెన్‌హైమ్ కోసం ప్రణాళిక వేస్తే, పర్యావరణవేత్తలూ స్థానికులూ తీవ్రంగా ఎదురు తిరిగారు. కళ్లముందున్న అసలు పరీక్ష మాత్రం నగరంలోనే ఉన్న జోరోట్జావుర్రేలో జరుగుతోంది. పాత కర్మాగారాల ఆ ద్వీపకల్పం చుట్టూ కాలువను పూర్తిగా తవ్వి 2018లో ద్వీపంగా మార్చారు. వరద ముప్పు తగ్గించడం అందులో ఒక ఉద్దేశం. జహా హదీద్ గీసిన ప్రణాళిక ప్రకారం అక్కడ 5,000కు పైగా ఇళ్లు రావాలి, వాటిలో దాదాపు సగం ప్రభుత్వం ధర నిర్ణయించే ఇళ్లు కావాలి. అబందోయిబర్రాలో కట్టిన ఇళ్లు ఊళ్లోకెల్లా ఖరీదైనవిగా మారాయి. ఇక్కడ మాత్రం ఎడమ ఒడ్డు నుంచి వచ్చే ఉక్కు కార్మికుల పిల్లలు ఇల్లు కొనగలగాలంటే, ఆ సగం వాటాను పురపాలక సంఘం చివరిదాకా నిలబెట్టాలి.