స్వర్ణముఖి పోయే దారిలో ఒక్క బస్సు వేయండి

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతికి సముద్రం వచ్చింది. సూళ్లూరుపేట, నాయుడుపేట, వాకాడు నెల్లూరు నుంచి ఇటు చేరాయి. వాటితో పాటే పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం, శ్రీహరికోట, తూపిలిపాళెం బీచ్ మన జిల్లాలోకి వచ్చాయి. ఆఫీసుల బోర్డులు మారాయి. మనుషులు తిరిగే దారులు మాత్రం మారలేదు.

జనవరిలో హైదరాబాద్ నుంచి మా బంధువులు వచ్చారు. దర్శనం అయిపోయింది, రైలు మర్నాడు రాత్రికి. వాళ్లు దిగిన హోటల్లో ట్రావెల్స్ చూసే కుర్రాడిని అడిగాను, సముద్రం వైపు ఏదైనా ప్యాకేజీ ఉందా అని. ‘సముద్రమా? దానికి చెన్నై పోవాలి సార్. కాణిపాకం, వేలూరు గోల్డెన్ టెంపుల్ అయితే ఇప్పుడే బండి పెడతా’ అన్నాడు. ఆ అబ్బాయిని తప్పుబట్టను. అతనికి ఎవరూ చెప్పలేదు. తిరుమలకు రోజుకు 60 వేల మందికి పైగా వస్తారు. వాళ్లలో వందకు ఒక్కరిని సముద్రం వైపు తిప్పగలిగినా రోజుకు 600 మంది. ఆ ఒక్కరి కోసం కూడా మనం ఏమీ చేయడం లేదు.

వలస పక్షుల పేరిట సూళ్లూరుపేటలో ఏటా ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నాం కదా అంటారు. 2001లో మొదలైన ఆ పండుగ 2020 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2025 జనవరిలో జరిగింది. జరగడం మంచిదే. కానీ పక్షులు అక్టోబరులో వచ్చి మార్చి దాటే దాకా ఉంటాయి. ఆరు నెలల అతిథులకు మనం మూడు రోజులు స్టేజీ వేసి, పాటలు పెట్టి, సామాను సర్దుకుంటున్నాం. నాలుగో రోజు వచ్చిన మనిషికి సూళ్లూరుపేటలో ఆటో దిగితే ఎటు పోవాలో చెప్పే దిక్కు లేదు. నేను అడిగేది పండుగ కాదు. రోజూ తెల్లవారుజామున తిరుపతి బస్టాండులో బయల్దేరే ఒక బస్సు, దారిలో నాలుగు చోట్ల శుభ్రమైన టాయిలెట్లు, బస్సులో కథ చెప్పగల ఒక మనిషి. అంతే.

ఆ బస్సు దారిని కొత్తగా గీయక్కర్లేదు, స్వర్ణముఖి నది ఎప్పుడో గీసిపెట్టింది. చంద్రగిరి దగ్గర కొండల నుంచి దిగి, తిరుచానూరు పక్కగా శ్రీకాళహస్తికి, అక్కడి నుంచి నాయుడుపేటకు, వాకాడు దాటి సముద్రానికి పోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది అది. అయినా దాని వెంట పోతే ఈ జిల్లా చరిత్ర అంతా తగులుతుంది.

నేలపట్టు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ మర్నాడు మా వాళ్లను తీసుకుని నేను పోయింది అక్కడికే. రెండు గంటల ప్రయాణం. దొరవారిసత్రం మండలంలో చిన్న ఊరు, ఊరి పక్కన చెరువు, చెరువులో మొదళ్ల దాకా నీళ్లలో మునిగి నిలబడ్డ కడప చెట్లు. వాచ్ టవర్ ఎక్కేసరికి ముందు ముక్కుకు వాసన తగిలింది, తర్వాత చెవులకు గోల. ఒక్కో చెట్టు మీద పదీ ఇరవై గూళ్లు. ఒక గూడబాతు, అదే పెలికాన్, వచ్చి వాలింది. దాని సంచిముక్కులోకి పిల్ల మెడ దాకా దూరిపోయి చేపల కోసం వెతుక్కుంటోంది. తల్లి రెక్కలు కొంచెం తెరిచి, కొమ్మ మీద పట్టు జారకుండా ఓర్చుకుంటోంది. మా అక్క మనవరాలు, ఎనిమిదేళ్ల పిల్ల, ఫోను అడగకుండా ముప్పావుగంట ఆ గూడునే చూసింది.

జనాన్ని తెస్తే ఇదంతా పాడైపోతుందని పర్యావరణం గురించి పనిచేసేవాళ్లు భయపడతారు. తూపిలిపాళెంలో అలలకు కొట్టుకుపోతే ఎవరిది బాధ్యత అని అధికారులు అడుగుతారు. రెండూ న్యాయమైన మాటలే. ప్లాస్టిక్, స్పీకర్లు గేటు దగ్గరే ఆపాలి, టవర్ దాటి అడుగు వేయనివ్వకూడదు, బీచ్‌లో గజ ఈతగాళ్లను పెట్టాలి. కానీ నేలపట్టు పక్షులను ఇన్నేళ్లు కాపాడింది గేటూ తాళమూ మాత్రమే కాదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని తెలిసిన రైతులు, పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్మిన ఆడవాళ్లు కాపాడారు. రోజూ చూసేవాళ్ల వల్లే అవి బతికాయి. ఆ ఊరి పిల్లలకే గైడు పని ఇస్తే ఇంకో తరం కాపాడతారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికి వస్తాను.

వాకాడు మండలంలో దుగరాజపట్నం ఉంది. రాష్ట్ర విభజన చట్టంలో పెద్ద పోర్టు కడతామని రాసిన ఊరు, అందుకే ఆ పేరు వినుంటారు. నేను పోయి పాత ఇంగ్లీషు వాళ్ల జాగా ఎక్కడని అడిగితే, టీకొట్టు ఆయన ‘పోర్టు భూముల కోసం వచ్చారా సార్?’ అన్నాడు. ఆ ఊరి అసలు కథ పోర్టు కంటే పెద్దది. 1620ల్లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టుకుంది. ప్రళయకావేరిగా మన పెద్దలు పిలిచిన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే కోట కట్టుకుని కూర్చున్నారు, అక్కడ వీళ్లను నిలవనివ్వలేదు. ఆర్ముగం మొదలియార్ అనే స్థానిక పెద్ద చోటిప్పించాడని, ఆయన పేరు మీదే ఇంగ్లీషువాళ్లు దీన్ని ఆర్మగాన్ అన్నారని చెబుతారు. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే, దక్షిణాన బట్టలు చవకగా, నాణ్యంగా దొరుకుతాయని వెతుక్కుంటూ పోయి, 1639లో ఒక ఇసుక తీరం సంపాదించాడు. అదే మద్రాసు.

ఆ తీరాన్ని ఇచ్చింది ఎవరు? దామెర్ల వెంకటప్ప నాయకుడు. కాళహస్తి జమీందారులది ఆ దామెర్ల వంశమే. వెంకటప్ప నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ నాయకుడి పైన ఉన్న ప్రభువు ఎవరు? చంద్రగిరి రాయలు. అడిగినవాడు దుగరాజపట్నం నుంచి, ఇచ్చినవాడు కాళహస్తి వంశం నుంచి, పైన ఉన్న రాజు చంద్రగిరి నుంచి. మూడు ఊళ్లూ ఒకే జిల్లాలో, ఒకే నది దారిలో ఉన్నాయి. ఇంత పెద్ద కథను ఒక్క రోజులో కళ్లతో చూపించగల జిల్లా మనది.

మద్రాసు మనదే అని గొంతులు పగిలేలా అరిచినవాళ్లం మనం. 1952లో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం ఇచ్చింది ఆ నగరంలోనే. ఆ బాధ మా నాన్న తరంలో ఎంత గాఢంగా ఉండేదో నాకు తెలుసు. కానీ ఆ నగరం పుట్టుకకు మన ఊళ్లతో ఉన్న సంబంధాన్ని మనం పిల్లలకు చూపించలేదు. తిరుపతి స్కూళ్ల నుంచి ఎక్స్‌కర్షన్ అంటే ఊటీ, బెంగళూరు, రామోజీ ఫిల్మ్ సిటీ. చంద్రగిరి రాజమహల్ ముందు ఫొటో దిగిన పిల్లల్లో ఎంతమందికి మద్రాసు ఆ రాయల ఏలుబడిలో పుట్టిందని తెలుసు? పోగొట్టుకున్న నగరం కోసం ఏడ్చాం. దాని పురిటిగదులు మన దగ్గర ఉంటే ఒక బోర్డు పెట్టలేదు. దుగరాజపట్నంలో నాకు కనిపించినవి తుమ్మ పొదలు, ఇసుక, మేకలు.

పర్యాటకం అంటే రిసార్టు, జిప్‌లైన్, లైటింగు అని మన అధికారులకు గట్టిగా ఒక అభిప్రాయం పడిపోయింది. గుడిమల్లంలో క్రీస్తుపూర్వపు శివలింగం ఉంది. రేణిగుంట విమానాశ్రయానికి అంత దగ్గర. అక్కడికి కారు లేనివాడు ఎలా పోవాలో అడిగి చూడండి. కొండ మీదికి నిమిషానికో బస్సు నడపగలిగిన ఊరు మనది. జనాన్ని తిప్పడం మనకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

అక్టోబరులో గూడబాతులు వస్తాయి. ఈలోపు తెల్లవారి ఐదు గంటల బస్సు ఒకటి ఖాయం చేయండి. చంద్రగిరి, కాళహస్తి, నేలపట్టు, దుగరాజపట్నం, చివర తూపిలిపాళెంలో చీకటి పడకముందే ఒక గంట. మొదటి రోజు టికెట్లు అమ్ముడుపోకపోతే మా వీధిలో వాళ్లను నేను తీసుకొస్తాను.