ఒకే తెర మీద అన్ని సర్వర్లు: ఉండాలా, వద్దా?

ఒక సంస్థలో యాభైకి పైగా డేటాబేస్ సర్వర్లు ఉన్నాయనుకోండి. వాటిలో మూడు రకాల డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు: పోస్ట్‌గ్రెస్ కొన్ని, మైఎస్‌క్యూఎల్ కొన్ని, ఎస్‌క్యూఎల్ సర్వర్ కొన్ని. వాటన్నిటినీ అడ్మిన్ టూల్‌లో ఒక్క జాబితాగా పెట్టి టీమ్ మొత్తానికి ఇద్దామంటాడు అక్కడి సీనియర్ డీబీఏ, అంటే డేటాబేస్‌ల నిర్వాహకుడు. వద్దంటుంది సెక్యూరిటీ చూసే ఇంజినీరు. నా మొగ్గు డీబీఏ వైపే. అయినా ఆమె అడిగేవాటికి జవాబులు దొరక్కుండా అలాంటి జాబితా తయారు చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

డీబీఏ: ఇప్పుడెలా నడుస్తోందో ముందు అది చూడండమ్మా. కొత్తగా చేరిన కుర్రాడికి సర్వర్ వివరాలు ఎవరో చాట్‌లో పంపిస్తారు. హోస్ట్ పేరు, పోర్టు, యూజర్ పేరు, పక్కనే పాస్‌వర్డ్ కూడా. అతను వాటిని తన ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటాడు. కొన్నాళ్లకు మనం ఆ సర్వర్ మారుస్తాం. ఆ సంగతి సగం మందికి చేరదు. ఎప్పుడో వదిలేసిన రెప్లికాకు, అంటే నకలు సర్వర్‌కు, కనెక్ట్ అయి, నిన్నటి డేటా కనబడట్లేదేమని మనల్నే అడుగుతారు. జాబితా ఒక్కటే ఉండి, దాన్ని సరిదిద్దే బాధ్యత ఒకరికి ఉంటే ఈ తిప్పలుండవు.

సెక్యూరిటీ: తిప్పలు లేవని నేననను అన్నా. కానీ ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్ పోతే దానిలో ఉన్న నాలుగు సర్వర్ల గురించే నేను కంగారు పడాలి. మీ పద్ధతి వస్తే యాభై సర్వర్లకు దారి ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. "పాస్‌వర్డ్ సేవ్ చెయ్యి" అన్న గడిలో టిక్ పెట్టని మనిషిని నాకొకరిని చూపించండి.

డీబీఏ: నేను పంచుతానన్నది చిరునామాలు. తాళం చెవులు కాదు. పోస్ట్‌గ్రెస్ అడ్మిన్ టూల్ పీజీఅడ్మిన్‌లో సర్వర్ల జాబితాను ఎగుమతి చేసి చూడండి. జేసన్ అనే టెక్స్ట్ ఫైల్ వస్తుంది, అందులో గ్రూపు, పేరు, హోస్ట్, పోర్టు, కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే ఎస్ఎస్ఎల్ సెట్టింగులు ఉంటాయి. పాస్‌వర్డ్ ఉండదు, ఉంచడానికి వీల్లేదు కూడా. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచీ ఇలాంటి ఉమ్మడి జాబితా ఉంచే సెంట్రల్ మేనేజ్‌మెంట్ సర్వర్ అని ఉంది. అది విండోస్ లాగిన్ తప్ప వేరేది ఒప్పుకోదు. జాబితా అందరికీ ఒకటే, లోపలికి వెళ్లేది మాత్రం ఎవరి గుర్తింపుతో వాళ్లే.

సెక్యూరిటీ: జాబితాలో పాస్‌వర్డ్ లేకపోతే మనిషి ఏం చేస్తాడో కూడా చెప్పండి. యాభై సర్వర్లకూ యాభై సార్లు టైప్ చేయడు కదా. అన్నిటికీ ఒకటే పెట్టేస్తాడు, లేదా హోమ్ ఫోల్డర్‌లో పాస్‌వర్డ్‌లన్నీ పీజీపాస్ అనే ఫైల్‌లో రాసి పెట్టుకుంటాడు. ఆ ఫైల్‌ను యజమాని తప్ప ఇంకెవరైనా చదవగలిగితే లినక్స్‌లో పోస్ట్‌గ్రెస్ దాన్ని పట్టించుకోదు, మంచిదే. కానీ లోపల ఉన్నది మామూలు అక్షరాలే. మైఎస్‌క్యూఎల్ వాళ్ల లాగిన్ ఫైల్ చూడటానికి గజిబిజిగా ఉంటుంది గానీ, దాన్ని విప్పడం ఏమంత కష్టం కాదు.

డీబీఏ: అయితే సేవ్ చేసుకున్నా పనికిరాని పాస్‌వర్డ్ ఇద్దాం. అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌లో పాస్‌వర్డ్‌కు బదులు ఇచ్చే ఐఏఎం టోకెన్ గడువు 15 నిమిషాలు. ఆ గడువు కనెక్షన్ తెరిచేంతవరకే. తెరిచాక మధ్యలో తెగదు, కాబట్టి పని ఆగదు. డెస్క్‌టాప్ పీజీఅడ్మిన్‌లో పాస్‌వర్డ్‌కు బదులు ఒక కమాండ్ రాసి పెట్టుకోవచ్చు, కనెక్ట్ అయ్యేటప్పుడు అదే కొత్త టోకెన్ తెచ్చుకుంటుంది. మన సొంత సర్వర్లకూ ఇలాంటి ఏర్పాటు చేసుకోవచ్చు. ఎవరి టోకెన్ వాళ్లది కాబట్టి ఎవరు లోపలికి వచ్చారో లాగ్‌లో పేరుతో సహా తేలుతుంది. అందరూ ఒకే అడ్మిన్ యూజర్‌తో వచ్చే ఇప్పటి పద్ధతిలో మీకు ఆ వివరం దొరుకుతోందా?

సెక్యూరిటీ: దొరకట్లేదు. అది ఒప్పుకున్నట్టే రాసుకోండి. కానీ నా అసలు భయం దొంగల గురించి కాదు, మనవాళ్ల గురించే. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సర్వీసు నడిపే గిట్‌ల్యాబ్‌లో జరిగింది మీకు తెలుసు. రెప్లికేషన్, అంటే డేటా నకలు రెండో సర్వర్‌కు చేరే ఏర్పాటు, సరిచేస్తున్న ఇంజినీరు రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్ తుడిచేస్తున్నాననుకుని ప్రధాన సర్వర్‌లో తుడిచేశాడు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపినా, సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. ఆరు గంటల డేటా పోయింది. సర్వర్ల పేర్లలో తేడా ఒక్క అంకె. మీ తెర మీద అలాంటి పేర్లు యాభై, వరసగా, ఒకే అక్షరాల్లో.

డీబీఏ: అది అడ్మిన్ టూల్‌లో జరగలేదమ్మా, కమాండ్ లైన్‌లో జరిగింది. ఆ తర్వాత వాళ్లు రాసుకున్న పనుల్లో ఒకటి, ఏ హోస్ట్ మీద ఉన్నామో కమాండ్ టైప్ చేసే ప్రాంప్ట్‌లో స్పష్టంగా కనబడేలా చేయడం. టూల్‌లో ఆ సౌకర్యం ముందే ఉంది. ప్రొడక్షన్‌కు, అంటే అసలు వాడకంలో ఉన్న సర్వర్లకు, ఎరుపు రంగు ఇస్తే సర్వర్ల జాబితా కనబడే ట్రీలోనే తేడా తెలుస్తుంది. డీబీవర్ అనే ఇంకో టూల్‌లో కనెక్షన్ రకం ప్రొడక్షన్ అని పెడితే రంగు మారడమే కాదు, మార్పులు చేసేముందు ఒకసారి అడుగుతుంది కూడా.

సెక్యూరిటీ: రోజంతా ఎరుపు చూసే కంటికి ఎరుపు ఆనదు అన్నా. అడిగే పెట్టెకు కూడా నాలుగోసారికి చెయ్యి తనంతట తానే ఓకే కొట్టేస్తుంది. పైగా మీరు పొగిడిన సెంట్రల్ మేనేజ్‌మెంట్ సర్వర్‌లో ఒక గ్రూపును ఎంచుకుని క్వెరీ కొడితే, ఆ గ్రూపులోని సర్వర్లన్నిటి మీదా ఒక్కసారే నడుస్తుంది. డేటా చదివే సెలెక్ట్ అయితే వరమే. ఏ వరసలు మార్చాలో చెప్పే వేర్ మర్చిపోయిన అప్‌డేట్ అయితే?

(నా దృష్టిలో ఈ వాదనంతటిలో బరువైన ప్రశ్న ఇదే. రంగులతో దీనికి జవాబు రాదు.)

డీబీఏ: దానికి రంగు చాలదు, ఒప్పుకుంటాను. హక్కులే కావాలి. జాబితాలో ప్రొడక్షన్ సర్వర్ ప్రతిదానికీ చదివే రోల్, అంటే చదివే హక్కులే ఉన్న ఖాతా, మాత్రమే ఇద్దాం. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పీజీ_రీడ్_ఆల్_డేటా అనే రోల్ తయారుగా ఉంది. రాయాల్సిన పని పడ్డవాళ్లు ఆ పనికోసం వేరే రోల్ అడిగి తీసుకోవాలి.

సెక్యూరిటీ: రోల్‌కు రీడ్ ఓన్లీ సెట్టింగ్ పెట్టి సరిపెట్టరు కదా? అది సెషన్‌లో ఒక్క సెట్ కమాండ్‌తో ఎగిరిపోతుంది.

డీబీఏ: పెట్టినా దాని మీద ఆధారపడను. రాసే హక్కే ఇవ్వను.

సెక్యూరిటీ: సరే, ఇక లెక్కలకు రండి. జాబితా అందరి చేతికీ వస్తే ఉత్త తొంగిచూపులు పెరుగుతాయి. పీజీఅడ్మిన్‌లో సర్వర్ తెరిస్తే ఒక కనెక్షన్. ట్రీలో ఇంకో రెండు డేటాబేస్‌లు విప్పితే మరో రెండు. క్వెరీ ట్యాబ్‌లు రెండు తెరిస్తే ఇంకో రెండు. మొత్తం అయిదు. ఇరవై మంది ఇదే పని చేస్తే వంద. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ పరిమితి కూడా 100. అందులో 3 అన్ని హక్కులూ ఉండే సూపర్‌యూజర్‌కు కేటాయించి ఉంటాయి. ఇక అప్లికేషన్ ఎక్కడికి పోవాలి?

డీబీఏ: మీరు చెప్పింది నిజం, ఇంకో ముక్క నేను కలుపుతాను. నన్ను ఎక్కువ ఏడిపించేది కనెక్షన్ల లెక్క కాదు, మర్చిపోయిన ట్యాబ్. ప్రతి కమాండ్‌నూ వెంటనే ముగించే ఆటో కమిట్ తీసేసి ఒక సెలెక్ట్ కొడతాడు, ట్యాబ్ అలాగే వదిలేసి మీటింగ్‌కు పోతాడు. ట్రాన్సాక్షన్, అంటే మొదలుపెట్టి ముగించని పని, తెరిచే ఉంది, టేబుల్ మీద చిన్న లాక్ ఉంది. మామూలుగా దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అప్పుడే రిలీజ్‌లో భాగంగా ఆ టేబుల్‌కు దాని రూపం మార్చే ఆల్టర్ వస్తుంది. దానికి పూర్తి లాక్ కావాలి కాబట్టి ఆగుతుంది. ఆ ఆల్టర్ వెనక వచ్చిన ప్రతి సెలెక్టూ దాని వెనకే ఆగుతుంది. అయిదు నిమిషాల్లో అప్లికేషన్ మొత్తం నిలబడిపోతుంది. సీపీయూ ఖాళీగానే కనబడుతుంది, తప్పెక్కడుందో తెలియదు. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరిస్తే అక్కడ, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ తెరిచి ఉత్తగా ఉంది) అంటూ ఒకే ఒక్క వరస.

సెక్యూరిటీ: ఇది మీ వైపు వాదనా, నా వైపు వాదనా?

డీబీఏ: నా వైపుదే. ఎందుకంటే ఆ ట్యాబ్ ఇప్పుడూ ఉంది, ఎవరిదో మాత్రం తెలియదు. నా పద్ధతిలో మనిషికొక రోల్ ఉంటుంది. రోల్‌కు అయిదు కనెక్షన్ల పరిమితి పెడతాను. వదిలేసిన ట్రాన్సాక్షన్‌ను తెంపే టైమ్‌అవుట్ 9.6 వెర్షన్ నుంచీ ఉంది, ఉత్తగా కూర్చున్న సెషన్‌ను తెంపేది 14లో వచ్చింది. రెండూ మనుషుల రోల్స్‌కే పెడతాను, అప్లికేషన్ జోలికి పోను. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త కనెక్షన్‌ను తెంపే వెయిట్ టైమ్‌అవుట్‌ను మార్చకుండా వదిలేస్తే 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు. అదీ తగ్గిస్తాను.

సెక్యూరిటీ: కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ మీదుగా వీళ్లను ఎందుకు పంపరు?

డీబీఏ: అందులో ఒక్కో ట్రాన్సాక్షన్‌కు ఒక్కో కనెక్షన్ ఇచ్చే ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో అడ్మిన్ పని కుదరదు. సెట్ చేసినది తర్వాతి క్వెరీకి ఉంటుందో ఉండదో, టెంప్ టేబుల్ (తాత్కాలిక టేబుల్) కనబడుతుందో లేదో చెప్పలేం. అప్లికేషన్ పీజీబౌన్సర్ పోర్టు 6432 మీదుగా పోనివ్వండి, మనుషులు నేరుగా పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432కే రావాలి.

సెక్యూరిటీ: నేరుగా వస్తే ఎస్ఎస్ఎల్ మోడ్ వెరిఫై ఫుల్ (సర్వర్ గుర్తింపును పూర్తిగా తనిఖీ చేసేది) అని జాబితాలోనే రాసి ఉండాలి. డిఫాల్ట్‌గా ఉండే ప్రిఫర్ అనే మోడ్‌లో అవతల ఉన్నది మన సర్వరేనా అన్న తనిఖీ జరగదు.

డీబీఏ: రాస్తాను. ఇప్పుడు నా ప్రశ్న. అర్ధరాత్రి టోకెన్లిచ్చే సర్వీసే పడిపోతే నేను లోపలికెలా వెళ్లాలి?

సెక్యూరిటీ: అత్యవసరానికి ఒక సూపర్‌యూజర్ ఖాతా, జాబితాలో లేకుండా. సూపర్‌యూజర్‌కు కేటాయించిన ఆ మూడు కనెక్షన్లు దానికోసమే మిగలాలి, కాబట్టి అప్లికేషన్ సూపర్‌యూజర్‌గా కనెక్ట్ అవడం ఈరోజే మానేయాలి. ఆ ఖాతా వాడితే అలారం మోగాలి, పని కాగానే పాస్‌వర్డ్ మారాలి. ఆ ఖాతా తెరవడానికి ఇద్దరి అనుమతి ఉండాలి.

డీబీఏ: చివరిది తప్ప అన్నీ సరే. రెండో మనిషి ఫోన్ ఎత్తకపోతే డేటాబేస్ అలా పడి ఉండాలా?

సెక్యూరిటీ: అయితే మీరు తెరిచినట్టు చెప్పే లాగ్ మీరు చెరపలేని చోట ఉండాలి.

డీబీఏ: మీ సర్వర్‌లోనే పెట్టుకోండి, చదివే హక్కు కూడా నాకివ్వక్కర్లేదు.

సెక్యూరిటీ: సరే అన్నా. ఇద్దరి అనుమతి ఉండాలన్నది మాత్రం నా అభ్యంతరంగా ప్రతిపాదనలో అలాగే ఉంచండి, మూడు నెలల లాగ్ చూశాక మళ్లీ మాట్లాడతాను.