సూళ్లూరుపేటలో అద్దె ఎవరి జీతం చూసి పెరుగుతోంది?

చిన్న ఊళ్లో ఇల్లు చవగ్గా దొరుకుతుంది, బతుకు ప్రశాంతంగా ఉంటుంది అని సిటీల్లో ఉండేవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. సరస్సు పక్కన ఊరంటే ఇక చెప్పక్కర్లేదు. అలాంటివాళ్లను పులికాట్ పక్కన సూళ్లూరుపేటకు తీసుకొచ్చి, ఒక ఆదివారం పూట టు-లెట్ బోర్డుల వెంట తిప్పాలి. ఒక ఇంట్లో ఎక్కడ పని అని అడుగుతారు, ఇంకో ఇంట్లో కులం ఏమిటో చుట్టుతిప్పి కనుక్కుంటారు, మరో ఇంట్లో గది చూపించకముందే అడ్వాన్స్ ఎంతో చెప్తారు.

ఈ ఊరి అద్దెలకీ ఊరి ఆదాయానికీ పెద్దగా సంబంధం లేదు. తూర్పున సరస్సు మీదుగా వేసిన రోడ్డు దాటితే శ్రీహరికోట. దక్షిణాన తడ పక్కన శ్రీసిటీ పారిశ్రామిక వాడ. ఇవి చాలవన్నట్టు చెన్నైకి లోకల్ రైలు. అద్దె పెరిగేది ఈ మూడు చోట్ల నుంచి వచ్చే జీతాలను చూసే. షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పర్మినెంట్ ఉద్యోగులకు కాలనీలున్నాయి, క్వార్టర్స్ ఉన్నాయి. కాంట్రాక్టు మీద వచ్చే వెల్డర్, డ్రైవర్, క్యాంటీన్ కుర్రాడు మాత్రం ఊళ్లోనే పోర్షన్ వెతుక్కోవాలి. 2008లో శ్రీసిటీ మొదలయ్యాక ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే పిల్లలు కూడా వీళ్లకు తోడయ్యారు.

లెక్క ఎక్కడ తిరగబడుతుందో చూడండి. రెండు గదుల పోర్షన్‌లో ఆరుగురు కుర్రాళ్లు దిగితే ఓనరు తలకింత అని తీసుకుంటాడు. వాళ్లలో ఒక్కొక్కరికి అది భారం కాదు, ఓనరుకు మాత్రం ఆరు జీతాల్లోంచి వాటా వస్తుంది. అదే పోర్షన్ కోసం ఇద్దరు పిల్లలతో, ఒక్క సంపాదనతో వచ్చిన కుటుంబం ఏం పోటీపడుతుంది? బట్టల షాపులో పనిచేసే మనిషి, ఆటో తోలే మనిషి, ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లే, వీధి వీధీ దాటుకుంటూ శివార్లకు పోవాల్సి వస్తుంది. బ్యాచిలర్లకు ఇల్లివ్వం అని పైకి గొప్పగా చెప్పేవాళ్లు కూడా తలకింత లెక్క వినగానే మెత్తబడతారు, అది వేరే సంగతి.

ఒడ్డు వైపు ఊరు పెరిగే వీలూ తక్కువే. పులికాట్ పక్షుల అభయారణ్యం, ఉప్పునీటి సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. కట్టడాలు హైవే వెంటా, రైలు పట్టాల వెంటా ఇరుక్కుని పెరగాల్సిందే. సరస్సు వైపు పోయేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా తగులుతాయి, కాబట్టి తాగడానికి ఇరవై లీటర్ల క్యాను ఖర్చును కూడా అద్దెలోనే కలిపి చూసుకోవాలి.

అసలు దోపిడీ కరెంటు బిల్లులో ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నాలుగు పోర్షన్ల ఇంటికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మీటరు ఒక్కటే ఉంటుంది, లోపల సబ్‌మీటర్లు పెడతారు. మన టారిఫ్ శ్లాబుల ప్రకారం నడుస్తుంది, తక్కువ వాడితే యూనిట్ తక్కువకు పడుతుంది, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. నాలుగు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే బిల్లు పై శ్లాబులోకి ఎక్కి కూర్చుంటుంది. రెండు ఫ్యాన్లు, ఒక టీవీ ఉన్న కుటుంబం కూడా ఏసీ వేసుకునే ఇంటి రేటు కడుతుంది, దాని మీద ఓనరు ఇంకో రూపాయి వేసుకుంటే అడిగే దిక్కుండదు. పోర్షన్‌కో మీటరు ఉండాలని గట్టిగా పట్టుబడితే, అద్దె ఒక్క రూపాయి తగ్గించకుండానే అద్దెకుండేవాళ్లకు నెలనెలా డబ్బు మిగులుతుంది.

ఇక కాగితాలు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి చట్టం చెప్తుంది కాబట్టి అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు, అదీ రాసుకుంటే. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని 2021లో కేంద్రం రాష్ట్రాల కోసం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఉంది. చెన్నైలో పది నెలల అడ్వాన్స్ పాత అలవాటు, ఆ గాలి ఇక్కడికీ తగులుతుంది. నన్ను ఐదు నెలలు అడిగారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల కోత అని ముందే చెప్పేశారు. రసీదు మాటెత్తితే ఓనరు మొహం మాడిపోతుంది. పూర్వం ఇంటి పన్ను అద్దె విలువను బట్టి వేసేవాళ్లు గనక అద్దె దాచారంటే అర్థం ఉంది. 2021 నుంచి రాష్ట్రంలో ఆస్తి విలువను బట్టే వేస్తున్నా ఆ భయం పోలేదు. కిరాయిదారు జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు చూపించుకోవాలంటే, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి, ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ఓనర్లందరూ రాక్షసులని కాదు, రిటైరయ్యాక పైన రెండు పోర్షన్లు వేసుకుని ఆ అద్దెతోనే లోను కడుతున్నవాళ్లు బోలెడుమంది.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది "వెజిటేరియన్లకు మాత్రమే" అన్న బోర్డు. పులికాట్ రొయ్యలూ చేపలూ అమ్ముడయ్యే ఊళ్లో! సముద్రం నుంచి నీళ్లొచ్చే ముఖద్వారాలు పూడిపోయి, ఎండాకాలంలో సరస్సు మైళ్లకొద్దీ ఎండి, వేట తగ్గి, పిల్లల చదువు కోసం ఇరకం లాంటి దీవి నుంచి ఒడ్డుకు రావాలనుకునే మత్స్యకార కుటుంబం ఆ గేటు ముందు ఏమని అడగాలి? ఇక్కడి పక్షుల పండగ ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది, సంతోషమే, కానీ దాంతో వీళ్లకు గది దొరకదు.

కొందరు అద్దెల మీద పరిమితి పెట్టాలంటారు. నేను ఒప్పుకోను. పరిమితి పెడితే కాగితం మీద ఒక అంకె, చేతికి ఇంకో అంకె, అంతే జరుగుతుంది. కావాల్సింది గదులు. శ్రీహరికోటలో మూడో లాంచ్ ప్యాడ్‌కు 2025 జనవరిలో కేంద్రం 3,984.86 కోట్లు ఒప్పుకుంది, నాలుగేళ్ల పని. అదే ఏడాది మే నెలలో శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది, 5,001 కోట్ల పెట్టుబడి. ఈ వార్తల్లో పనివాళ్లు ఎక్కడ పడుకుంటారన్న మాట చదివిన గుర్తు నాకు లేదు. కొత్తగా ఇచ్చే ప్రతి కాంట్రాక్టులో బయటి నుంచి తెచ్చే మనుషులకు వసతి కాంట్రాక్టరే కట్టాలన్న షరతు ఉండాలి, అదీ టెండర్ పిలిచేటప్పుడే. పోర్షన్‌కు ఆరుగురు దిగిపోయి, వీధిలో రేటు ఫిక్సయ్యాక మున్సిపాలిటీ నోటీసులు అంటించినా ఎవరూ చదవరు.