బంగారం పుచ్చుకొని ఇనుమిచ్చిన రాజ్యం

ఖజానా ఖాళీ అయిన రాజులు చరిత్రలో కోకొల్లలు. ఆ లేమినే పతకంగా పోతపోయించి సైనికుల రొమ్మున తగిలించిన ఘనత మాత్రం జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియంది. నెపోలియన్ చేతిలో చితికిపోయిన ఆయన 1813లో బ్రెస్లావ్ నగరంలో ఐరన్ క్రాస్ అనే ఇనుప శిలువ పతకాన్ని నెలకొల్పి, శాసనం మీద మార్చి 10వ తేదీ వేయించాడు. అది అప్పటికి మూడేళ్ల కిందటే కన్నుమూసిన రాణి లూయీజా పుట్టినరోజు. వాస్తుశిల్పి షింకెల్ తీర్చిన రూపం ప్రకారం అది నల్లని పోత ఇనుము, చుట్టూ సన్నని వెండి అంచు. (ఆ వెండి దుబారాకు ఖజానా అధికారులు ఎలా ఒప్పుకున్నారో!) ఆ రోజుల్లోనే ప్రష్యా స్త్రీలు ఒంటిమీది నగలు యుద్ధనిధికి సమర్పించి, 'బంగారమిచ్చి ఇనుము తీసుకున్నాను' అనే అక్షరాలున్న ఇనుప ఆభరణాలు ధరించారు. ఉన్నది ఊడ్చుకొని, ఇచ్చినవారే గర్వపడేలా చేయడం ఏ వడ్డీ వ్యాపారికీ అబ్బని విద్య.

అధికారికీ మామూలు సిపాయికీ ఒకే పతకం ఇవ్వడం ఆ కాలానికి నిజంగానే పెద్ద విశేషం. అయితే ఇనుముకు కరవు లేదు కదా! 1870లోనూ 1914లోనూ పతకాన్ని మళ్లీ బయటికి తీశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి రెండవ శ్రేణి పతకాలే యాభై లక్షలు దాటాయి. ఇందరు శూరులుండీ ఆ సైన్యం ఓడిపోవడం శత్రువుల అమర్యాద తప్ప మరొకటి కాదు. 1918 ఆగస్టులో మొదటి శ్రేణి పతకం అందుకున్నవారిలో హిట్లర్ అనే చిన్న హోదా సైనికుడొకడు. అతనికి సిఫారసు చేసిన హ్యూగో గుట్‌మాన్ యూదు అధికారి. తర్వాత ఆ సైనికుడి పాలనలోనే ఆయన దేశం విడిచిపోవలసి వచ్చింది.

1939లో పతకం నడుమ స్వస్తిక చేరింది. యుద్ధం సాగేకొద్దీ నగిషీలు పెరిగాయి: ముందు ఓక్ ఆకులు, తర్వాత కత్తులు, వజ్రాలు, చివరికి 1944 డిసెంబరు నెలాఖరున బంగారు ఓక్ ఆకులు. ఆ చివరి మెట్టు ఎక్కింది రూడెల్ అనే వైమానికుడు ఒక్కడే. జర్మనీ పక్కన పోరాడిన ఫిన్లాండ్ సైన్యంలోని యూదు వైద్యాధికారి లియో స్కుర్నిక్‌కు ఐరన్ క్రాస్ ఇవ్వజూపితే, ఆయన వద్దు పొమ్మన్నాడు. నాకు తెలిసినంతలో ఆ పతకం చరిత్రలో అంతకు మించిన ధైర్యసాహసం లేదు.

1957లో పశ్చిమ జర్మనీ చట్టం చేసి, స్వస్తిక ఉన్నచోట ఓక్ ఆకులు పెట్టుకుంటే పాత పతకాలు ధరించవచ్చని అనుమతించింది. శౌర్యం పాతదే, ముద్ర మాత్రం మారింది. అఫ్ఘానిస్తాన్‌లో సైనికులు నేలకొరుగుతున్న 2008లో, ఐరన్ క్రాస్‌ను పునరుద్ధరించమన్న కోరికను పక్కనపెట్టి, వేరే పేరుతో కొత్త శౌర్య పతకాన్ని సృష్టించారు. సైనికుడి ఛాతీకి మళ్లీ దక్కని ఆ శిలువ గుర్తు జర్మన్ ట్యాంకుల మీదా యుద్ధవిమానాల మీదా నేటికీ నిక్షేపంగా ఉంది. యంత్రాలకు గతం అంటదని కాబోలు.