సవరణ: కొత్త హాట్ టబ్‌కి పాత లైను చాలదు

పాత హాట్ టబ్ (హీటరూ పంపులూ ఉండే వేడినీళ్ల తొట్టి) తీసి కొత్తది పెట్టేవాళ్లకి "ఉన్న 2.5 చదరపు మి.మీ. వైరూ, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్) చాలు, షాక్ భయం లేదు" అని మొన్న రాశాను. అది తప్పు. తయారీదారుల మాన్యువళ్లూ వైరింగ్ నియమావళీ చూస్తే లెక్క వేరు.

6 కిలోవాట్ల హీటరు ఒక్కటే 230 వోల్టుల మీద 26 ఆంపియర్లు లాగుతుంది, పంపులు అదనం. మెయిన్ బోర్డు నుంచి విడి లైను, మామూలుగా 10 చదరపు మి.మీ. రాగి వైరు, 40 ఆంపియర్ల ఎంసీబీ కావాలి. చివరి మాట టబ్ మీది రేటింగ్ ప్లేటుదే (ఎంత కరెంటు కావాలో రాసి ఉండే రేకు).

ఎంసీబీ ఓవర్‌లోడుకీ షార్ట్‌కీ పడుతుంది, కరెంటు లీకేజీకి కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), దానికి తోడు సరైన ఎర్తింగ్. టబ్ న్యూట్రల్‌ని ఇంట్లో వేరే న్యూట్రల్‌తో కలిపితే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుంది. అప్పుడు మనవాళ్లు దాన్నే పీకేస్తారు!

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రతీరం వైపు ఉప్పుగాలికి టెర్మినళ్లు చిలుము పట్టి వేడెక్కుతాయి. వైరు చివర బిగించే లగ్గులు తగరం పూత ఉన్నవే వేయించండి.