పగలు పేస్లిప్, రాత్రి పేరోల్

బెంగళూరులో అసలు హెచ్‌ఆర్ విభాగం రాత్రి పదకొండు తర్వాత పనిచేస్తుందన్న సంగతి ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు. మారతహళ్లి, బెళ్లందూరు పీజీల్లో మన తెలుగు కుర్రాళ్లు 'అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్' అనే కంప్యూటర్ ఆట తెరిచి, ఒక్కొక్కరు ఒక్కో అమెరికా జట్టుకు జనరల్ మేనేజర్లయి కూర్చుంటారు. అమెరికా ఆట, 1999లో జర్మనీలో పుట్టిన సాఫ్ట్‌వేర్, గుంటూరు మేనేజర్, కన్నడ ఓనరు వైఫై. ఇంతకంటే ప్రపంచీకరణ ఏం కావాలి?

ఈ ఆటలో బ్యాటు పట్టే పని లేదు, పరిగెత్తే పని అంతకన్నా లేదు. ఎవరికి ఎన్నేళ్లు, ఎన్ని కోట్లు, చివరి ఏడాది ఉండాలా పోవాలా అన్నది జట్టు ఇష్టమా ఆటగాడి ఇష్టమా... అంతా కాగితాల మీదే. మన ఐపీఎల్ పర్సుకు హద్దుంటుంది. అమెరికా బేస్‌బాల్‌ పెద్ద పోటీ అయిన మేజర్ లీగ్‌లో హద్దు లేదు, జట్టు జీతాల మొత్తం ఒక గీత దాటితే పన్నుంది. 2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు. సొంత ఫారం 16 ఏనాడూ తెరిచి చూడని కుర్రాడు ఈ గీత దగ్గర మాత్రం చార్టర్డ్ అకౌంటెంటైపోతాడు.

పైగా అక్కడ రాసిచ్చిన జీతం ఆటగాణ్ని తీసేసినా కట్టాల్సిందే. న్యూయార్క్ మెట్స్ జట్టునే చూడండి. 2000లో బాబీ బోనియా అనే ఆటగాణ్ని వదిలించుకుంటూ, ఇవ్వాల్సిన 59 లక్షల డాలర్లను 8 శాతం వడ్డీతో వాయిదా వేసుకున్నారు. ఆయన 2001లో ఆట మానేశాడు. 2011లో మొదలై 2035 దాకా ప్రతి జులై 1న ఆయనకు దాదాపు 11.9 లక్షల డాలర్లు అందుతూనే ఉంటాయి. రెండు నెలల నోటీసుతో లాప్‌టాప్ లాగేసుకునే ఊళ్లో ఈ కథ చెప్తే పురాణం అనుకుంటారు.

జపాన్ ఆటగాడు షోహెయ్ ఓతాని సంగతి వేరు. 2023 డిసెంబరులో డాడ్జర్స్ జట్టుతో పదేళ్లకు 70 కోట్ల డాలర్లకు సంతకం పెట్టి, అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 మధ్య ఇవ్వండి చాలు, వడ్డీ వద్దన్నాడు. బెంగళూరు ఇంటి ఓనరుకు పది నెలల అడ్వాన్సు కట్టినవాడికి ఇందులో వింతేమీ కనిపించదు. ఓతానికి ఉన్న ఒకే ఒక్క సౌకర్యం, చివర్లో పెయింటింగ్ చార్జీలు పట్టుకోరు.

మన కుర్రాళ్ల ప్రతిభ పూర్తిగా బయటపడేది సర్వీసు లెక్కలో. లీగ్‌లో 172 రోజులుంటే ఒక ఏడాది. అలాంటివి ఆరు నిండితే ఆటగాడికి నచ్చిన జట్టుకు పోయే స్వేచ్ఛ. 2015లో షికాగో కబ్స్ జట్టు తన కుర్ర ఆటగాడు క్రిస్ బ్రయంట్‌ను సీజన్ మొదట్లో కింది జట్టులోనే ఉంచింది. ఏడాది చివర చూస్తే 171 రోజులు! ఒక్క రోజు తక్కువతో అతని స్వేచ్ఛ ఏడాది వెనక్కి పోయింది. ఫిర్యాదు చేస్తే 2020లో ఓడిపోయాడు కూడా. గ్రాట్యుటీకి నెల ముందు మా బావ చేత రాజీనామా చేయించారని కళ్లనీళ్లు పెట్టుకున్న కుర్రాడే, ఆట తెరిచాక తన కొత్త కుర్ర బ్యాటర్‌ను సరిగ్గా 171 దగ్గర ఆపుతున్నాడు. ఇదేం న్యాయమయ్యా అంటే, "ఏం చేయమంటావన్నా, బడ్జెట్ లేదు" అన్నాడు. ఆ మాట వాడికి పొద్దునే వాళ్ల మేనేజరు చెప్పి పంపాడట. ఇంత తొందరగా నేర్చుకునే ఉద్యోగికి పది శాతం కూడా పెంచలేదంటే ఆ కంపెనీని ఏమనాలి?

కాబట్టి నా ప్రతిపాదన ఒకటి. ఆ లీగ్‌లో మూడేళ్ల సర్వీసు నిండిన ఆటగాడికి, జట్టుకు జీతం మీద మాట కుదరకపోతే ఇద్దరూ చెరో అంకె రాసిస్తారు. ముగ్గురు పెద్దలు రెండింట్లో ఒకటి ఎంచుతారు. మధ్యేమార్గం ఉండదు. మన అప్రైజల్‌లో ఉండేది ఒకటే అంకె, అదీ మీటింగుకు ముందే సిస్టంలో ఎక్కి ఉంటుంది. ఈ ఆర్బిట్రేషన్ ఇక్కడా పెట్టాలి. ముగ్గురు పెద్దలు దొరక్కపోతే వీధి చివర ఆంధ్రా మెస్ ఓనరు ఒక్కడు చాలు. ఒకటో తారీఖున నాటుకోడి చెప్పిందెవరో, ఇరవయ్యో తారీఖుకే పప్పన్నం ఖాతా రాయించుకున్నదెవరో ఆయన పుస్తకంలో ఉంది.