నూనె తేలిన ముఖం

ఆదివారం కావలిలో ఓణీల ఫంక్షన్. శనివారం పొద్దున పదకొండింటికి ముఖానికి ముల్తానీ మట్టి పూశాను. పదకొండూ పదికి కరెంటు పోయింది. పదకొండున్నరకి గ్యాస్ అబ్బాయి వచ్చాడు. జరిగింది ఇంతే. కానీ ఇంకా కడుపు మండుతూనే ఉంది కాబట్టి కొంచెం సాగదీస్తాను.

తెలియక పూసుకున్నానని ఎవరూ జాలిపడక్కర్లేదు. నెల్లూరు మూలాపేటలో మా వీధి మొత్తానికీ ముఖాల సలహాదారుని నేనే. జిడ్డు ముఖంతో వచ్చిన ప్రతి పిల్లకీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్తాను: మట్టి వారానికి ఒక్కసారి, నుదురు, ముక్కు, గడ్డం మీదే, బుగ్గల జోలికి పోవద్దు, పది నిమిషాలు దాటనివ్వద్దు, అంచులు పాలిపోయి మధ్యలో ఇంకా తడి ఉండగానే కడిగేయాలి అని. తడిగా ఉన్నంతసేపూ మట్టి ముఖం మీది నూనె పీల్చుకుంటుంది. ఎండడం మొదలెట్టిందా, చర్మం పైపొరలో ఉన్న కాసిని నీళ్లకీ చెయ్యి చాపుతుంది. ఇదంతా చెప్పే నోరే ఆవేళ మట్టి కింద పూడుకుపోయింది.

తప్పు నాది. సగం మాత్రమే. మిగతా సగం పార్లర్ అమ్మాయిది. శుక్రవారం కనుబొమల కోసం పోతే, అడక్కుండానే బొటనవేలు నా నుదుటి మీద అద్ది, రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర చూపించినట్టు నా కళ్ల ముందు పెట్టింది. "చూడక్కా, ఎంత ఆయిలో! మీకు మాయిశ్చరైజర్ అస్సలు పడదు. డ్రై చేసెయ్యాలి."

డ్రై చేసెయ్యడానికి ముఖమా, మిద్దె మీద పెట్టిన వడియాలా? అడగాల్సింది. అడగలేదు. ముక్కు చుర్రుమనే స్పిరిట్ వాసనొచ్చే టోనరు, అక్రోట్ చిప్పల పొడి కలిపిన స్క్రబ్బు సంచిలో వేసి ఇస్తే డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నాను. ఆ రాత్రి రెండూ వాడాను. పొద్దున మట్టిలో నిమ్మకాయ కూడా పిండాను. మునిగాక ఇంక చలేమిటి.

నెల్లూరులో పుట్టినవాళ్లకి ఈ ముఖం సంగతి అర్థం చేయించడం తేలిక. చేపల పులుసు మీద నూనె ఎప్పుడు తేలుతుంది? కింద నీళ్లు ఇగిరినప్పుడు. పైన తళతళా నూనె కనపడింది కదా అని, పులుసు పల్చగా ఉందనుకుని ఇంకాస్త మంట పెంచేవాళ్లు ఎవరన్నా ఉంటారా? పార్లర్లో ఉంటారు. జిడ్డు వేరు, తడి వేరు. జిడ్డు అనేది వెంట్రుక కుదుళ్ల పక్కనుండే తైలగ్రంథులు వదిలే నూనె. తడి అనేది పైపొర కణాల్లో పట్టి ఉండే నీరు. ఆ నీటిని ఆపేది గ్రంథుల నూనె కాదు. కణాల మధ్య ఇటుకల సందున అడుసులాగా సిరమైడ్లనే కొవ్వులు, కొలెస్ట్రాలు, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి, ఆపేది అవి. గట్టి సబ్బు, స్పిరిట్టు, స్క్రబ్బు కలిసి ఆ అడుసుని గీకేస్తే, కట్ట తెగిన చెరువులో నీళ్లు పోయినట్టు తడి గాల్లోకి పోతుంది. నూనె మాత్రం ఎప్పట్లాగే వస్తుంది. ఎక్కువ కడిగితే గ్రంథులు పగబట్టి ఇంకా నూనె వదుల్తాయని కొందరంటారు గానీ, నూనె లెక్క ప్రధానంగా హార్మోన్లది. మనం కడిగిన సంగతి వాటికి పెద్దగా పట్టదు.

కనిపెట్టడమూ కష్టం కాదు. ముఖం కడిగి ఏమీ రాయకుండా ఇరవై నిమిషాలు ఉండండి. తప్పెటకి తోలు బిగించినట్టు లాగుతూ, మధ్యాహ్నానికల్లా అదే ముఖం మెరుస్తుంటే, పైన జిడ్డున్నా లోపల తడి ఆరిన ముఖం ఇదే. బుగ్గని రెండు వేళ్లతో మెల్లగా దగ్గరికి నొక్కితే వడిలిన మామిడి తోలు మీదలాగా సన్నటి గీతలు పడతాయి. రాసిన పౌడరు ముక్కు పక్కన అట్టలు కడుతుంది. నిన్నటిదాకా చల్లగా ఉన్న క్రీమే ఇవాళ చురచురమంటుంది.

సరే, గ్యాస్ అబ్బాయి.

సిలిండర్ దించి లోపలికి దొర్లిస్తే పోయేది. "అక్కా, మీ ఈకేవైసీ పెండింగులో ఉండాది. ఫేస్ పెడితే రెండు నిమిషాల్లో అయిపోతాది," అని, కనెక్షను నాదేనని రుజువు చేసే ఆ తంతు కోసం ఫోను తీశాడు.

ఫేసు. సరిగ్గా ఆ పూట నా దగ్గర లేని వస్తువు.

అప్పటికి అరగంటయింది. ట్యాంకులో చుక్క లేదు, మోటారెయ్యడానికి కరెంటు లేదు, "పది నిమిషాల్లో వచ్చేస్తుంది మేడమ్" అని ఫోన్లో చెప్పే కరెంటాఫీసు గొంతుకి మాత్రం ఏ కోతా లేదు. మట్టి పూర్తిగా ఎండి, ఎండాకాలం చెరువడుగులాగా నెర్రెలిచ్చింది. పెదాలు కదిపితే గడ్డం కింద టప్‌మంటోంది. వద్దు, తర్వాత రా అని చేత్తో సైగ చేశాను. ఆ సైగ అతనికి రండి అన్నట్టు అర్థమైంది. ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

తెర మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత. గీతలో నేను. అంటే, ఎవరిదో మట్టిబొమ్మ. "కళ్లు ఆర్పండి" అంది ఫోను. ఆర్పాను. మామూలుగా కళ్లార్పడానికి బుగ్గలు అక్కర్లేదనుకుంటాం. కావాలి. మట్టి బుగ్గని కిందికి పట్టి ఉంచితే కనురెప్ప సగంలో ఆగిపోయి, ఆర్పినట్టు కాకుండా ఎవరినో అనుమానంగా చూసినట్టుంటుంది. ఫోను నమ్మలేదు. "కళ్లు ఆర్పండి." మళ్లీ ఆర్పాను. కళ్ల చుట్టూ మట్టి పుయ్యకూడదని చెప్పేది ఇందుకే. అక్కడి తోలు ఒంట్లో అన్నిటికంటే పల్చన, తైలగ్రంథులూ తక్కువ, అక్కడ పీల్చడానికి నూనెంటూ పెద్దగా ఉండదు. నేను పూశాను, ఎటూ కలిపాను గదా, గిన్నెలో మిగిలిపోతుందని. పొదుపు.

"అక్కా, వెలుతురు చాల్లా. వరండాలోకి రండి."

వరండా అంటే వీధి. ఎదురింటి అవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా ఉన్నది తీస్తానే ఆగింది. లోపలినుంచి మా అత్త కూడా వచ్చి, "ఏందమ్మా అది, గోడ పడిందా మీద?" అంది. నేను మాట్లాడలేను గనక అబ్బాయే జవాబు చెప్పాడు: "ఈకేవైసీ అమ్మా." అత్త నమ్మేసింది. గవర్నమెంటోళ్లు ఏదన్నా పుయ్యమని ఉంటారు అనుకుంది. తర్వాత "నాకూ పుయ్యాల్నా?" అని కూడా అడిగింది.

మూడోతూరి. ఫోను ఈసారి మాట మార్చింది: "ముఖం స్పష్టంగా లేదు." ఆ అబ్బాయి మంచివాడు, విసుక్కోలేదు. కొంచెం ఆలోచించి, "అక్కా, ఒక్కతూరి నవ్వండి, అప్పుడు పట్టుకుంటాదేమో," అన్నాడు. నేను నవ్వకుండా ఉండాల్సింది. పరిస్థితి మొత్తం తల్చుకుంటే ఆగలేదు. ఎడమ బుగ్గ మీదనుంచి అరచేతి మందాన పెల్ల ఊడి, ముందు నా చీర కొంగు మీద ఆగి, అక్కణ్ణించి జారి అతని రసీదు పుస్తకంలో పడింది. అతను దాన్ని తీసి, ఏం చెయ్యాలో తెలియక, నాకే తిరిగిచ్చాడు.

తాగే నీళ్ల క్యాను ముట్టుకోనివ్వదు మా అత్త. బేరమాడితే ఒక చెంబు దక్కింది. ఒక చెంబుతో అరంగుళం మట్టి పోవాలంటే రుద్దాలి. చేతికందింది దొడ్లో చేతులు కడుక్కునే సబ్బు. నిమ్మరసం పీహెచ్ (పులుపెంతో, క్షారమెంతో చెప్పే అంకె) రెండు చిల్లర, సబ్బుది తొమ్మిది పది, ముఖానికి నచ్చేది అయిదుకి అటూ ఇటూ. అరగంటలో పాపం దాన్ని ఆ కొసనుంచి ఈ కొసకి ఈడ్చాను. ఈ లెక్కలో ఒక్కో అంకె తేడా అంటే పదింతలు.

కావలి ఫంక్షన్ గురించి చెప్పను. ఫొటోగ్రాఫర్ ముందు టిష్యూ ఇచ్చాడు, తర్వాత ముక్కు పక్కన పొట్టు దులుపుకొమ్మన్నాడు. రెండూ ఒకే ముఖానికి. అంతే.

సోమవారం నుంచి బుద్ధిగా ఉన్నాను. టోనరు, స్క్రబ్బు, నిమ్మకాయ, మట్టి అన్నీ బంద్. మొటిమలకి వాడే సాలిసిలిక్ యాసిడ్, రెటినాల్ లాంటివి కూడా రెండు నుంచి నాలుగు వారాలు ఆపాల్సిందే (డాక్టరు రాసిచ్చినవైతే ఆయన్నడిగి). కడగడం రోజుకి రెండుసార్లే, నురగ తక్కువొచ్చే మెత్తటి క్లెన్సర్‌తో, వేళ్లతోనే, అర నిమిషం. మన ట్యాంకు నీళ్లు రోహిణీ కార్తెలో మధ్యాహ్నం టీ పెట్టుకునేంత కాగి ఉంటాయి, అవి ముఖాన కొట్టుకోకూడదు, బకెట్లో పట్టి చల్లారనివ్వాలి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే గ్లిజరిన్‌దో హయలురోనిక్ యాసిడ్‌దో సీరం రెండు మూడు చుక్కలు. ఎండిన ముఖానికి రాసి ఫలితం లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. అది నీటిని పట్టుకునే సరుకు, పట్టుకోడానికి నీళ్లుండాలి గదా. అది ఆరేలోపే సిరమైడ్లున్న జెల్ క్రీము శనగగింజంత. క్రీము మూత లాంటిది, అది లేకుండా సీరం ఒక్కటే రాసి వడగాల్లోకో ఏసీ కిందికో పోతే పట్టిన తడి పట్టినట్టే పోతుంది. మందుల షాపులో దొరికే చిక్కటి గ్లిజరిన్ నేరుగా పూసుకోవద్దు, చుక్కకి పది ఇరవై చుక్కల నీళ్లు కలపాలి. నియాసినమైడ్ (బి3 విటమిన్‌లో ఒక రకం) పడితే రెండు నుంచి అయిదు శాతం చాలు. పది శాతం డబ్బా చూసి ఎగబడితే కొందరికి ఎర్రబడుతుంది. మధ్యాహ్నం మెరిస్తే కాగితంతో అద్దుకోవడమే, మళ్లీ కడగడం కాదు.

మా అత్త వైద్యం రెండు: కొబ్బరినూనె, బిందెడు నీళ్లు తాగడం. నూనె తడినివ్వదు, పైగా మొటిమలొచ్చే ముఖం మీద రంధ్రాలు పూడుస్తుంది. నీళ్లు తాగడం మంచిదే గానీ దాహం తీరా తాగేవాళ్లు ఇంకో బిందె ఎక్కువ తాగినంత మాత్రాన పైపొర అడుసు అతుక్కోదు. ముక్కు పక్కల పసుపచ్చగా, జిడ్డుగా పొట్టు లేస్తూ దురదపెడితే మాత్రం అది వేరే కథ, చుండ్రుకి చుట్టం. పొగతోటలో చర్మం డాక్టరుకి చూపించాల్సిందే గానీ మందుల షాపులో "ఏదో ఒక క్రీమివ్వన్నా" అనొద్దు. ఆ ఏదో ఒకదాంట్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని 2018 నుంచి రూలుంది. రూలు పాటికి రూలుంది, క్రీము పాటికి క్రీము దొరుకుతోంది.

గురువారానికి బిగుతు తగ్గింది, చురచుర పోయింది. పొద్దున్నే సీరం, క్రీము, దాని మీద రెండు వేళ్ల పొడుగు సన్‌స్క్రీన్, అన్నీ లెక్క ప్రకారం రాసుకుని, కరెంటుందో లేదో చూసుకుని, తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాను. గ్యాస్ అబ్బాయి చెప్పిన టైముకే వచ్చాడు. ఫోను పట్టుకున్నాడు. కళ్లు ఆర్పాను, భేషుగ్గా ఆర్పాను. ఫోను ఎర్రగీత పెట్టింది. కొంచెం పక్కకి తిప్పాడు. మళ్లీ ఎర్రగీత. నా నుదుటి వైపు చూసి, ఎదురింటి అవ్వ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఏమనుకోవాకండి, బో మెరుస్తా ఉండాది, లైటు కొడతా ఉండాది. పోయినతూరి పూసుకున్నారే, అదేమన్నా మిగిలుందా?"